పడుకున్న గాలి

తొలి ఎండ ధూమగిరి అంచును తాకే వేళకు శరభాంకుడు రొప్పుతూ పైకి చేరి, అవతలివైపు లోయలోకి తొంగిచూశాడు. చూసి, తాను వేసుకున్న వేషం మరచిపోయి, "ఆహా!" అన్నాడు.

గంధకం ఏరుకునే కూలివాడెవడూ ఆ లోయను చూసి ఆహా అనడు. తన తలరాతను తిట్టుకుంటూ దిగుతాడు. అదృష్టం బాగుండి, దారి చూపడానికి వచ్చి పక్కనున్న సుంకప్ప అలాంటివి పట్టించుకునే మనిషి కాడు. వాడికి తన మాటలు తాను వినడానికే తీరిక చాలదు.

ధూమగిరిని కొండ అంటారు గాని, కొండకు ఉండవలసిన శిఖరం దానికి లేదు. ఏ యుగంలోనో కడుపులో మంట ఆపుకోలేక దాని నెత్తి పేలి ఎగిరిపోయింది. మిగిలినది ఒక మహా మూకుడు. ఈ అంచున నిలిచినవాడికి ఆ అంచు నీలపు గీతగా మాత్రమే కనబడుతుంది. లోపలి గోడలు నిట్టనిలువు. వాటి మీద కావి, పసుపు, బూడిద రంగు చారలు పొరలు పొరలుగా దిగి ఉన్నాయి. అడుగున చెట్టు లేదు, చేమ లేదు, పిట్ట కూత లేదు. నేల నెర్రెల్లోంచి తెల్లని పొగలు నిటారుగా లేచి, ఎండ తగిలినచోట బంగారు రంగుకు తిరుగుతున్నాయి. నెర్రెల అంచుల వెంట గంధకం పసుపు ముద్దలై పూసింది. వీటన్నిటి నడుమ మూడు సరస్సులు. కుడివైపుది పాలలో ఆకుపసరు కలిపినట్టు లేతపచ్చన. ఎడమవైపుది తుప్పు ఎరుపు. ఆ రెంటి మధ్యనున్నది నలుపు. పచ్చదానిలోనూ ఎర్రదానిలోనూ ఆకాశం కనబడుతున్నది, మబ్బులు కనబడుతున్నాయి. నల్లదానిలో ఏమీ కనబడలేదు.

"సూస్తివా అబ్బీ!" అన్నాడు సుంకప్ప, ఆ లోయ తానే తవ్వించినంత గర్వంగా. "మా జేజికి జేజి నాటి మాట. ఒక రాకాసి ఈడ మూడు కుండలు పొయ్యి మీద పెట్టిందంట. ఒగదాంట్లో పాలు, ఒగదాంట్లో నెత్తురు. మూడోది అడుగంటి మాడిపాయె. ఆ కోపంతో పొయ్యిని ఒక్క తన్ను తన్ని పాయె. నేను చెప్పేది అబద్ధమైతే నా నాలిక మీద వాత పెట్టు."

నిన్నటి నుంచి వాడు చెప్పిన వాటన్నిటికీ వాతలు పెడుతూ పోతే వాడికి నాలుకే మిగిలేది కాదు. తూర్పు తిరిగి తుమ్మితే బండలు పేలుతాయన్నాడు. ఎండ్రకాయ పేరెత్తితే పొగ వెంటబడి తరుముతుందన్నాడు. తన మేనమామ ఒకసారి ఈ పొగ మీద కూర్చుని అవతలి అంచుకు పోయి పెళ్ళిభోజనం చేసి వచ్చాడన్నాడు. ఈ కోతల మధ్యనే ఇంకో మాట కూడా అన్నాడు. లోయలో ఎవరి ముందూ, దేనికోసమూ నడుము వంచకూడదట. రాళ్ళ కుప్పలో రత్నం వేసి ఏరుకో అన్నట్టుంది వ్యవహారం. శరభాంకుడు అన్నిటికీ ఒకేలా తలూపాడు.

అతనికి వినోదాల మీద మనసు లేదు. కాళిందదుర్గంలో అతని అన్నగారు వీరాంక మహారాజు పట్టెమంచం మీద కళ్ళు తెరుచుకుని పడి ఉన్నాడు. ఊపిరి ఆడుతుంది. నోట్లో గంజి పోస్తే గుటక పడుతుంది. అంతే. పిలిస్తే పలకడు, ఎవరినీ గుర్తుపట్టడు. నరబలికి ఒప్పుకోలేదన్న కక్షతో ధూమ్రజటి అనే మాంత్రికుడు ఆయన ప్రాణాన్ని దేహంలోంచి ఊడదీసి, ఎవరూ అడుగుపెట్టని ఈ నల్ల సరస్సులో దాచాడు. ఆ రహస్యం శరభాంకుడికి చెప్పింది అడవిలో ఒక యోగిని. "సొరబుర్రతో నీళ్ళు ముంచు. ప్రాణమున్న నీరైతే బుర్రలో గుండెలా కొట్టుకుంటుంది. తెచ్చి నీ అన్న నోట్లో పొయ్యి. దారిలో ఒక్కసారి నేల పాలయిందా, మీ అన్న ఇక లేడనుకో. ఆ నీటిని ధూమ్రజటి తాకలేడు. తాకితే ప్రాణం వాడి చెయ్యి జారి సొంత గూటికి పోతుంది. కాబట్టి వాడు నీచేతనే పారబోయించాలని చూస్తాడు, జాగ్రత్త," అన్నదామె.

శరభాంకుడికి తండ్రి ముఖం జ్ఞాపకం లేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం కలిపి పెట్టింది అన్న, గుర్రమెక్కించింది అన్న, జ్వరమొస్తే రాచకార్యాలు మానుకుని మంచం పక్కన కూర్చున్నది అన్న. ఆ అన్న లేకుండా తిరిగి కోటలో అడుగుపెట్టడం అతని వల్ల కాని పని.

"పచ్చకుండ కాడికైతే రోజూ పోతాం. నల్లకుండ కాడికి యాల అబ్బీ? ఆడ గంధకం గూడా దొరకదే!" అన్నాడు సుంకప్ప.

"మా అన్నకు జబ్బు. ఆ నీళ్ళు తెస్తానని మొక్కుకున్నాను."

"మొక్కా? అట్లయితే సరే. మొక్కుకు అడ్డం పడితే కళ్ళు పోతాయి," అని సుంకప్ప తాళ్ళ నిచ్చెన పట్టుకున్నాడు.

దిగుతుండగా మధ్యలో ఒక రాతి చట్టు మీద, గంధకపు గంపలతో పైకెక్కుతున్న కూలీలు ఎదురయ్యారు. ముందున్న ముసలాయన గడ్డం పైకెత్తి, అరచెయ్యి నడినెత్తిన పెట్టుకున్నాడు. అది అక్కడి నమస్కారం. శరభాంకుడు అలవాటు కొద్దీ చేతులు జోడించి నడుము వంచబోయాడు. సుంకప్ప చటుక్కున అతని గడ్డం కింద చెయ్యేసి పైకి తోశాడు.

"వంగాకు! చెవుల్లో సీసం పోసుకున్యావా? మేము దేవుడికి గూడా నిలబడే మొక్కుతాం. ఈడ పడుకున్న గాలి ఉండాది."

"పడుకున్న గాలా?"

"సూపిస్తా రా!"

నేల మీదికి దిగాక సుంకప్ప ఒక కాగడా వెలిగించి, దాన్ని మెల్లగా కిందికి దించాడు. ఛాతీ దగ్గర బాగానే మండింది. నడుము దగ్గర రెపరెపలాడింది. తొడల దాకా వచ్చేసరికి, ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. గాలి కదల్లేదు, పొగ కూడా సరిగా రాలేదు. కంటికి కనబడనిదేదో నేల మీద చెరువులా నిండి ఉన్నది.

"అదే. పొద్దెక్కి గాలి తోలేదాంకా లెయ్యదు. దాంట్లో ముక్కు పెట్టినోడు గూడా లెయ్యడు. మా యబ్బ అట్లే పాయె. కిందపడిన చెప్పు తీసుకుందామని వంగినాడు."

ఈసారి సుంకప్ప నాలుక మీద వాత మాట ఎత్తలేదు. శరభాంకుడు రత్నాన్ని గుర్తుపట్టాడు.

ఇద్దరూ వెదురుకాళ్ళు కట్టుకున్నారు. నిలువెత్తు బొంగులకు అడుగు పెట్టే మెట్లు బిగించి, వాటి మీద నిలబడి నడవడం అక్కడి వాళ్ళకు పుట్టుకతో వచ్చే విద్య. శరభాంకుడు నిన్న పొద్దంతా ఊరివాళ్ళ నవ్వుల మధ్య పడుతూ లేస్తూ నేర్చుకున్నాడు. ఏనుగెక్కి ఊరేగిన రాకుమారుడు ఇప్పుడు కొంగలా అడుగులు వేస్తూ సుంకప్ప వెంట బయలుదేరాడు.

పచ్చ సరస్సు దాటేవరకు ఏమీ కాలేదు. దాటాక నేల రంగు మారింది. పైకి గట్టిగా, లోపల ఉడుకుతూ, అప్పం పైపొరలా ఉన్న నేల అది. శరభాంకుడి కుడి బొంగు చప్పున దిగబడింది. లాగబోతే ఎడమది కూడా దిగింది. కింద ఏదో గుడగుడలాడింది.

"పరిగెత్తు! నిలబడితే కూరై పోతావు!" సుంకప్ప కేక పెట్టాడు.

శరభాంకుడు బలమంతా ఉపయోగించి కుడి బొంగు పెరికి ముందుకు దూకాడు. అతని వెనక నేల పగిలి, తాటిచెట్టంత ఎత్తున బురద చిమ్మింది. వేడి తుంపరలు వీపు మీద పడ్డాయి. రెండో చోట పగిలింది. మూడో చోట పగిలింది. అతను ఎటు అడుగేస్తే దాని పక్కనే నేల నోరు తెరుస్తున్నది. ఒక బొంగు చివర విరిగి కురచైంది. కుంటుతూ, ఎగురుతూ, పడబోయి నిలదొక్కుకుంటూ, చివరికి నల్లరాతి గట్టు మీదికి చేరి బండకు ఆనుకున్నాడు. సుంకప్ప అప్పటికే అక్కడ నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

"ఎండ్రకాయను తలుచుకున్యావు గదా నువ్వు?" అన్నాడు వాడు అనుమానంగా.

గట్టు దిగితే నల్ల సరస్సు. సుంకప్ప అంతకు మించి ఒక్క అడుగు కూడా రానన్నాడు. శరభాంకుడు ఒక్కడే ఒడ్డు దాకా పోయి, వెదురుకాళ్ళ మీదే నిలబడి, పొడవాటి గడకు సొరబుర్ర కట్టి నీళ్ళలోకి దించాడు. మొదటిసారి ముంచిన నీళ్ళు చల్లగా, బరువుగా, చడీచప్పుడూ లేకుండా ఉన్నాయి. వాటిని సరస్సులోనే ఒంపాడు. మరికాస్త దూరంగా ముంచాడు. అవీ అంతే. చెయ్యి చాచగలిగినంత చాచి, నడిమి లోతు వైపు ముంచి లాగాడు.

బుర్ర కొట్టుకున్నది.

అతను దాన్ని ఛాతీకి ఆనించుకున్నాడు. ధక్ ధక్ మని, నిదానంగా, తొందరపాటు ఎరుగని మనిషి గుండెలా కొట్టుకుంటున్నది. వీరాంకుడు జీవితంలో దేనికీ తొందరపడి ఎరగడు. శరభాంకుడికి కళ్ళ నీళ్ళు ఆగలేదు. "అన్నయ్యా! వచ్చేశాను!" అంటూ మూతికి మైనం అదిమి, బుర్రను మెడకు తగిలించుకున్నాడు.

"ఇంతదూరం వచ్చావా నాయనా, నాకోసం!" అన్నది వెనక ఒక గొంతు.

శరభాంకుడు వెనుదిరిగాడు. ఒడ్డున వీరాంక మహారాజు నిలబడి ఉన్నాడు. అదే విశాలమైన నుదురు, అదే పట్టు ఉత్తరీయం, చేతిలో వెండి పొన్ను వేసిన అదే కర్ర. కాస్త చిక్కాడు, అంతే.

"నువ్వు బయలుదేరిన మర్నాడే ఒక సిద్ధుడు వచ్చి నన్ను లేపాడు, శరభా. నువ్వు ఇటు వచ్చావని తెలిసి ఉన్నపళాన పరుగెత్తుకొచ్చాను. ఆ బుర్రలో ఉన్నది విషం. నిన్ను చంపడానికి ఆ యోగిని పన్నిన పన్నాగం. పారబోసి ఇలా రా తండ్రీ," అన్నాడాయన.

యోగిని చేసిన హెచ్చరిక చెవిలో మోగింది. కాని కళ్ళెదుట అన్న నిలబడి ఉంటే చెవి మాట ఎవరు వింటారు? పైగా తాను బొంగుల మీద ఎత్తున, అన్న కింద నేల మీద. అన్నగారికంటే ఎత్తున నిలబడి మాట్లాడటం కాళిందదుర్గపు వంశంలో ఎవరూ చెయ్యని పని. శరభాంకుడు గబగబా వెదురుకాళ్ళు విప్పి నేల మీదికి దిగాడు. బుర్రను మాత్రం పారబోయలేదు. దండం పెట్టిన తర్వాతే ఏదైనా.

గట్టు మీది నుంచి సుంకప్ప గొంతు చించుకున్నాడు. "అబ్బీ! ఆడ మొల లోతుంది! రాజయితే ఏంది, ఎవుడయితే ఏంది, వంగాకు!"

శరభాంకుడు విన్నాడు. విని గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. అతనికి భయం వెయ్యలేదు. ఎందుకంటే పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అన్నకు కొన్ని వేలసార్లు పాదాభివందనం చెయ్యబోయాడు గాని, ఒక్కసారి కూడా అతని తల ఆ పాదాల దాకా చేరలేదు. సగం వంగగానే రెండు చేతులు వచ్చి భుజాలు పట్టి లేపేస్తాయి. "నీ తల బరువు నా కాళ్ళు మొయ్యలేవురా," అని అన్న నవ్వేవాడు. పట్టాభిషేకం నాడు, నిండు సభలో కూడా అంతే.

శరభాంకుడు ఊపిరి బిగబట్టి వంగాడు.

భుజాల మీద చేతులు పడలేదు.

ఇంకా వంగాడు. మొల లోతు దాటి ముఖం పడుకున్న గాలిలో మునిగింది. కళ్ళు చురుక్కుమన్నాయి. ఎదురుగా రెండు పాదాలు కదలకుండా నిలబడి ఉన్నాయి. నుదురు వాటికి ఆనింది. అయినా చేతులు రాలేదు. అన్న కాడని అప్పటికే తెలిసిపోయింది. తెలిసి కూడా, ఇంకొక్క క్షణం చూద్దామని మనసు మొరాయించింది. ఆ క్షణం కూడా గడిచింది. పైనున్నవాడు కర్రను శరభాంకుడి మెడ మీద మోపి కిందికి అదమడం మొదలుపెట్టాడు.

పాదాలకు దండం పెట్టడానికి చాచిన చేతులతోనే శరభాంకుడు ఆ చీలమండలు రెండూ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

మహారాజు వేషం వెల్లకిలా పడింది. పడిన అదురుకు వాడు నోరు తెరిచి నిండుగా గాలి పీల్చాడు. ఆ పీల్చింది ఏ గాలో వాడికి తెలిసేలోగా ముఖం నల్లబడింది. నుదురు ముడతలు పడింది, ఉత్తరీయం తోలు గుడ్డయింది, నెత్తిన జడలు పాముల్లా చెదిరాయి. ధూమ్రజటి! తన గోతిలో తానే పడ్డాడు. అయితే పడ్డవాడు ఊరికే పడి ఉండే రకం కాదు. ఒక చేత్తో శరభాంకుడి జుట్టు దొరకబుచ్చుకుని నేలకేసి లాగాడు. రెండో చేతిలోని కర్రతో, శక్తి కొద్దీ, అతని ఛాతీ మీది సొరబుర్రను కొట్టాడు.

బుర్ర నిలువునా పగిలింది.

పగులులోంచి నల్లని నీరు బొటబొట కారబోయింది. శరభాంకుడు దాన్ని రెండు చేతులా అదిమి పట్టాడు. వేళ్ళ సందుల్లోంచి ఊరుతూనే ఉన్నది. కింద నేల బెత్తెడు దూరాన ఉన్నది. జుట్టు పట్టు వదలడం లేదు, లేవడానికి వీల్లేదు. కట్టుగుడ్డ చింపేంత వ్యవధి లేదు. ఇంకో పాత్ర లేదు. ఊపిరి అయిపోవచ్చింది. అతనికి తోచింది ఒక్కటే. పగులుకు నోరు ఆనించి తాగాడు. గుటక మీద గుటక, చివరి చుక్క దాకా, వేళ్ళ మీది తడి కూడా నాలుకతో తుడిచి మింగేశాడు.

ధూమ్రజటి అది చూసి పిచ్చివాడిలా కెవ్వుమన్నాడు. ఉన్న కాస్త ఊపిరీ ఆ కేకతో పోయింది. జుట్టు వదిలి, రాబందై, రెక్కలు నేలకు కొట్టుకుంటూ, తాగినవాడిలా తూలుతూ గట్టు దాటి ఎగిరిపోయాడు.

శరభాంకుడు లేవాలనుకున్నాడు. మోకాళ్ళు మాట వినలేదు. ఛాతీ మండిపోతున్నది. నోరు తెరవకూడదని తెలుసు, తెరవకుండా ఉండలేడని కూడా తెలుసు. కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. అంతలో అతని ప్రమేయం లేకుండానే అతని అరచేతులు నేలకు ఆనాయి. వీపు నిటారైంది. అతను లేచి నిలబడ్డాడు. నిలబడి, నిదానంగా, ఏ తొందరా లేకుండా మంచి గాలి పీల్చుకున్నాడు.

సుంకప్ప ప్రాణాలకు తెగించి గట్టు దిగి, బొంగుల మీద ఊగుతూ దగ్గరికి వచ్చాడు. "బతికినావా అబ్బీ! మా జేజి సత్తెంగా చెప్తాండా, వంగి లేచినోణ్ణి నేను ఇదే సూడ్డం! పద పద, ఆ జడలోడు మళ్ళా వస్తాడు!" అంటూ చెయ్యి అందించాడు.

శరభాంకుడి కళ్ళు ఆ చేతిని చూశాయి. మూడు సరస్సులనూ, పొగలనూ, ఆకాశపు అంచునూ కొత్తగా కలయజూశాయి. తరువాత అతని నోరు తెరుచుకున్నది. వచ్చిన గొంతు నిండు సభలో పలికి అలవాటైన గొంతు. వీరాంక మహారాజు గొంతు.

"ఎవరయ్యా నువ్వు? ఇది ఏ చోటు? నా తమ్ముడు శరభుడేడీ?"

ఇక్కడే ఉన్నాను అన్నయ్యా, ఇక్కడే, అని శరభాంకుడు ఎలుగెత్తి అరిచాడు. పెదవి కదలలేదు. తన నాలుక, తన చేతులు, తన కళ్ళు, ఏదీ తన మాట వినడం లేదు. ఆ కళ్ళతోనే, నేల మీద పగిలి పడి ఉన్న సొరబుర్రను, దాని పక్కన ఖాళీగా పడి ఉన్న తమ్ముడి వెదురుకాళ్ళను అన్న చూడటం అతను చూశాడు.

"శరభా!" అని అన్న లోయంతా దద్దరిల్లేలా పిలిచాడు.